ఆయన కూడికలో నవ్వాను

మా ఊరు ప్రత్తిపాడుకు కొంచెం ఇవతల ఉంటుంది. ఊళ్లో మిరప, పత్తి తప్ప మూడో మాట వినపడదు. ఊరి చివర మా చర్చి. పైన సిలువ, లోపల నాలుగు ఫ్యాన్లు, ఒక మైకు, ఆ మైకు పెట్టే గోల. మగవాళ్లు కుడి పక్క, ఆడవాళ్లు ఎడమ పక్క కూర్చుంటారు. పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆ చర్చిలో నాకు మొదట నచ్చింది బైబిలు వాక్యమని చెప్తే అబద్ధమవుతుంది. నాకు మొదట నచ్చింది ఆడవాళ్ల పక్క.

ఆ పక్క ఏదో ఒకటి జరుగుతూనే ఉండేది. ఒక ముసలమ్మ ప్రతి ఆదివారం లేచి తన గేదె గురించి సాక్ష్యం చెప్పేది. చూడి నిలవలేదని ఒక వారం, నిలిచిందని ఒక వారం, దూడ అడ్డం తిరిగితే ప్రార్థన చేసి చెయ్యి పెట్టి లాగానని ఇంకో వారం. మా ఇళ్లల్లో ఎవరికి ఏ జబ్బుందో మాకు తెలియకపోయినా ఆమె గేదెకు ఏ నెలో మాత్రం మా చర్చి సంఘమంతటికీ తెలుసు. ఒక క్రిస్మస్‌కి యోసేపు వేషం వేసినతను మరియమ్మ పక్కన నిలబడమంటే స్టేజీ ఆ చివరికి పోయి నిలబడ్డాడు, ముందు వరసలో వాళ్లావిడ కూర్చుని చూస్తోంది మరి. పంట ప్రథమ ఫలాలు తెచ్చే పండుగనాడు ఎవరో తెచ్చిన కోడిపుంజు ప్రార్థన మధ్యలో కాళ్ల తాడు తెంపుకుని పాస్టరు గారి బల్ల ఎక్కింది. కళ్లు మూసుకున్న భక్తులు ఆమెన్ అన్నారు. కళ్లు తెరిచి ఉన్న మేం నవ్వాపుకోలేక చచ్చాం.

నా పక్కన ఎప్పుడూ మా పాటల వదిన కూర్చునేది. వరసకు వదిన కాదు, ఊళ్లో అందరికీ వదినే. పాట ఎత్తుకోవడం ఆమె పని. ఎత్తుకోవడం అంటే నిజంగా ఎత్తుకోవడమే, రెండో చరణానికి ఆ శ్రుతి అందుకోలేక సంఘం సంఘమంతా చేతులెత్తేసేది. నవ్వొచ్చే సంగతి ఏదైనా జరిగితే ఆమె నా తొడ మీద గిల్లేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని, తల వంచి, ప్రార్థనలో ఉన్నదానిలా ఊగిపోయేదాన్ని. మా పక్కనున్న ఆడవాళ్లంతా అంతే. చప్పుడు బయటికి వచ్చేది కాదు. రాకూడదు కూడా, ఎందుకంటే కుడి పక్క మొదటి వరసలో మా ఆయన కూర్చునేవాడు.

ఆయన సంఘ కార్యదర్శి. మనిషి నిఖార్సైనవాడు. చెప్పులు వరసగా విప్పలేదని మనుషుల్ని వెనక్కి పంపిన మనిషి. చర్చిలో ఎక్కడైనా కిసుక్కుమంటే మెల్లగా మెడ తిప్పి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు, చూపు చాలు. పసిపిల్లలు కూడా ఆ చూపుకి పాలు తాగడం ఆపేవాళ్లని వదిన అనేది. ఇంట్లోనూ అంతే. కొత్తలో ఒకసారి టీవీ చూస్తూ నేను గట్టిగా నవ్వితే, అంత నవ్వడానికి ఏముంది అందులో అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలియకే అడిగాడు. నేను చెప్పలేకపోయాను. ఎందుకు నవ్వానో చెప్పాల్సి వచ్చాక ఇంక ఆ నవ్వు ఉండదు కదా. ఆ తర్వాత ఇంట్లో నవ్వడం దానంతటదే ఆగిపోయింది. ఆయన, నేను, మా అత్తయ్య, ముగ్గురం ఒక ఇంట్లో నెమ్మదిగా బతికాం. పిల్లలు లేరు.

ఆయన చెడ్డవాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. నేను బి.ఎడ్ పరీక్ష రాయడానికి అద్దంకి వెళ్లాల్సి వస్తే ఆయనే బండి మీద తీసుకెళ్లాడు. మే నెల ఎండ. నేను పరీక్ష రాసి బయటికొచ్చేదాకా కాలేజీ గోడ నీడలోనే నిలబడి ఉన్నాడు. నీడ జరిగితే ఆయన కూడా జరిగాడట, గేటు దగ్గర సోడాలమ్మే ఆమె నాతో చెప్పింది. పరీక్ష ఎలా రాశావని మాత్రం అడగలేదు, బండి స్టార్ట్ చేసి ఎక్కమన్నాడు. నాకీ రోజున బడిలో పంతులమ్మ ఉద్యోగం ఉందంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను.

ఆయన మొన్న సంక్రాంతి సెలవులకు ముందు పోయాడు. పొలం గట్టు మీద కూలబడిపోయాడు, గుంటూరు తీసుకుపోయేలోపే అయిపోయింది. మా వాళ్లలో నలభయ్యో రోజున జ్ఞాపకార్థ కూడిక పెట్టడం ఆనవాయితీ. ఇంటి ముందు షామియానా వేయించాం, భోజనాలకు చెప్పాం. ఆయనకు ఎంతో ఇష్టమైన బోధకుడొకాయన గోదావరి వైపు నుంచి, జలుబుతో ఉండి కూడా, రైలెక్కి వచ్చాడు. తీరా ఆ ముందు రోజు వాన దిగింది.

ఫిబ్రవరి వానంటే మా ఊళ్లో మనుషులకు గుండె ఆగుతుంది. కోసిన మిరపకాయలన్నీ కళ్లాల్లో ఆరబోసి ఉంటాయి. ఊరంతా టార్పాలిన్ పట్టాలు పట్టుకుని పరుగులు. మా పాస్టరు గారు చర్చి తలుపులు బార్లా తీసి, ఎవరివైనా సరే లోపల పెట్టుకోండి అన్నారు. గోతాల్లో తొక్కి నింపిన మిరపకాయల్ని మా వైపు టిక్కీలంటారు. తెల్లారేసరికి చర్చి నిండా టిక్కీలే. గోడల వెంట, కిటికీల కింద, బల్ల వెనకాల, ఆఖరికి మా ఆయన కూర్చునే చోట కూడా రెండు టిక్కీలు. మా సంఘం వాళ్లవీ ఉన్నాయి, కానివాళ్లవీ ఉన్నాయి. షామియానా వానకు కుంగి కింద పడింది. కూడిక ఇంక చర్చిలోనే పెట్టాలి, వేరే దారి లేదు. మిగిలిన కాస్త చోటులో మనుషులు ఒకరి మీద ఒకరు కూర్చున్నట్టు కూర్చున్నారు.

మా పొలం పక్క రైతు కూడా వచ్చాడు. మా సంఘం మనిషి కాదు, కూడికకు వచ్చినవాడూ కాదు. ఆయన కళ్లం చర్చి వెనకే కాబట్టి ఆయన టిక్కీలన్నీ మా దగ్గరే ఉన్నాయి. మా చర్చి స్లాబు ఒక చోట కారుతుంది, సరిగ్గా ఆ కారే చోటు కింద పడ్డాయి ఆయన టిక్కీలు. వాటిని జరపడానికి జాగా లేక, వాటి మీదే కూర్చుని, తలెత్తి పైకప్పు వైపే చూస్తున్నాడు. ఆయనకూ మా ఆయనకూ గట్టు తగాదా. గట్టు ఎవరు ఎంత చెక్కారన్న దాని మీద మాటలు ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది. ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం చూసుకుంటూ పోయేవాళ్లు. చావుకు వచ్చాడు, చివర నిలబడి వెళ్లాడు. అంతకుమించి ప్రేమేమీ లేదు.

కూడిక మొదలైంది. తలుపులు మూసి ఉన్నాయి, వాన జల్లు కొడుతోంది కాబట్టి. లోపల ఉక్క. బోధకుడు కోటు వేసుకుని, చెమటలు కక్కుతూ, మాట మధ్యలో ఫ్యాన్ల వైపు చూశాడు. మిరపకాయలున్న గదిలో ఫ్యాను వేయకూడదని మా ఊళ్లో పాకే పిల్లకు కూడా తెలుసు. కానీ వచ్చిన దైవజనుడికి కాదని చెప్పడం మా వాళ్ల చేత కాదు. పాస్టరు గారు ఇబ్బందిగా స్విచ్చుల దగ్గరున్న పెద్దాయనకు సైగ చేశారు. ఆ పెద్దాయన స్విచ్చు మీద వేలు పెట్టి, అలవాటు కొద్దీ మా ఆయన కూర్చునే చోటు వైపు చూశాడు. అక్కడ టిక్కీలున్నాయి. ఆయన ఉంటే చూపుతోనే ఆపేవాడు. పెద్దాయన నాలుగు ఫ్యాన్లూ వేసేశాడు.

ఘాటు లేచింది. మొదట వెనక వరసలో ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరి ముక్కులూ, అందరి కళ్లూ. ఎవరూ లేవలేదు, ఎవరూ ఫ్యాను ఆపమనలేదు, చావు కూడికలో లేచి గోల చేస్తే ఏం బావుంటుంది. కొంగులూ తువ్వాళ్లూ మొహాలకు అడ్డం పెట్టుకుని సంఘమంతా ధారలుగా కన్నీళ్లు కారుస్తోంది. బోధకుడికి జలుబు. ముక్కు పూర్తిగా బిగుసుకుపోయి ఉంది. ఆయనకు వాసన తెలియదు, కనపడేది మాత్రం ఏడుస్తున్న జనం.

ఆయన గొంతు వణికింది. ఎన్నో సంఘాలు చూశాను గానీ ఒక సహోదరుడి కోసం ఇంతమంది ఇలా ఏడవడం ఎక్కడా చూడలేదన్నాడు. ఆయన మిమ్మల్ని ఎంత ప్రేమతో చూసుకుంటే ఇన్ని కన్నీళ్లు వస్తాయి అన్నాడు. ఎవరూ మా ఆయన్ను అంత ప్రేమించలేదు. గౌరవించారు, భయపడ్డారు, పని పడితే వచ్చారు. నాకు తెలుసు, అక్కడ కూర్చున్న ప్రతివాళ్లకీ తెలుసు. వదిన పక్కనే ఉండి నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ రోజు ఆమె గిల్లలేదు, అది నేను చెప్పి తీరాలి.

అప్పుడు బోధకుడు పొలం పక్క రైతును చూశాడు. టిక్కీల మీద కూర్చుని, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ, పైకప్పు కారుతుందేమోనని తలెత్తి చూస్తున్న మనిషిని. చెయ్యి చాచి, అందరూ అటు తిరిగేలాగా చూపించాడు.

"ఆ పెద్దాయన్ను చూడండి. మన సంఘం మనిషి కూడా కాదు. పరలోకం వైపే చూస్తూ స్నేహితుడి కోసం ఎలా ఏడుస్తున్నాడో చూడండి."

సంఘమంతా తిరిగి చూసింది. ఆ రైతు నిలువునా బిగుసుకుపోయాడు. కాదని చెప్పలేడు, ఔనని చెప్పలేడు, కళ్లు తుడుచుకోకుండా ఉండలేడు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక చుక్క ఆయన నుదుటి మీద పడింది.

నా నవ్వు నాకు తెలియకుండానే బయటికొచ్చింది. కొంగు నోట్లో పెట్టుకునే లోపే వచ్చేసింది. కిసుక్కుమన్న నవ్వు కాదు. చిన్నప్పుడు మా పుట్టింట్లో నవ్వేదాన్నే, ఆ నవ్వు, గొంతు తెరుచుకుని, ఆగకుండా. ఆపుదామని గాలి పీల్చానా, ఘాటు లోపలికి పోయి దగ్గుతూ, దగ్గుతూ నవ్వాను. నా వెనక ఆడవాళ్ల పక్కంతా పోయింది. తర్వాత మగవాళ్లు. గేదె ముసలమ్మ కూడా పడీ పడీ నవ్వింది. పొలం పక్క రైతు కూడా చివరికి తువ్వాలు మొహం మీద కప్పుకుని భుజాలు కదిలించాడు. ఇన్నేళ్లలో ఆ చర్చిలో అంత పెద్ద నవ్వు నేను వినలేదు. బోధకుడు మాత్రం ఏం జరిగిందో అర్థం కాక నిలబడి, ఆఖరికి తనే ఒక తుమ్ము తుమ్మాడు. దాంతో ఇంకో విడత.

అందరి నవ్వూ తగ్గాక తల ఎత్తాను. మొదటి వరసలో మా అత్తయ్య వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అందరి కళ్లూ అలాగే ఉన్నాయి కాబట్టి అవి దేనికి ఎర్రబడ్డాయో తెలియదు. ఆమె మళ్లీ ముందుకు తిరిగి కూర్చుంది.

సిగ్గంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. భోజనాల దగ్గర వడ్డిస్తూ ఎవరి మొహమూ చూడలేకపోయాను. ఎవరూ నన్నేమీ అనలేదు. పైగా వదిన, పాస్టరమ్మ గారు అందరూ మామూలు కంటే ప్రేమగా మాట్లాడారు, అది ఇంకా చంపింది. మొగుడి కూడికలో నవ్విన మనిషి. ఇంకొకళ్లు చేస్తే నేనే ఊరంతా చెప్పి ఉందును.

తర్వాతి ఆదివారం తలనొప్పి అన్నాను. ఆ పై ఆదివారం బడి పని అన్నాను. గురువారం స్త్రీల కూడికకూ పోలేదు. అత్తయ్య ఒక్కతే బైబిలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లేది, వచ్చేది. ఏం చెప్పారని నేను అడగలేదు, ఎందుకు రావడం లేదని ఆమె అడగలేదు. ఆమె మామూలుగానే మాటకారి కాదు, కొడుక్కి ఆ గుణం అక్కడి నుంచే వచ్చింది. కానీ ఆ మౌనం నాకు మామూలుగా అనిపించలేదు. ఆయన పోయాక ఈ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆమెకు నేను, నాకు ఆమె. ఆమె మనసులో నేను కొడుకు చావుకు సంతోషించిన కోడలినైతే, ఇంక ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని ఉంటాను? పోనీ అడిగేద్దామా అంటే, సంతోషించావా అని ఎదురు అడిగితే ఏం చెప్పాలి? బాధ ఉంది. పొద్దున టీ పెడుతూ మూడో గ్లాసు తీసి మళ్లీ పెట్టేసేదాన్ని. కానీ ఆ నవ్వు నవ్వినప్పుడు నా ఒళ్లు తేలికైన మాట కూడా నిజం. ఆ తేలిక దేవుడికి తెలుసు, నాకు తెలుసు. అదే నా సిగ్గు, లోకులు ఏమనుకుంటారన్నది కాదు.

వదిన రెండుసార్లు వచ్చింది. రెండోసారి కోప్పడింది. నువ్వు లేకపోతే నేను ఎవర్ని గిల్లను అని అడిగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మీకు నవ్వులాటగా ఉందా అని విసుక్కుని పంపేశాను. ఆమె తల వంచుకుని చెప్పులు వేసుకుని వెళ్లిపోవడం చూసి దానికీ సిగ్గుపడ్డాను.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం సగమైంది. ఒక శనివారం మధ్యాహ్నం అత్తయ్య వసారాలో కూర్చుని ఇంటికి దాచుకున్న మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను పిల్లల పేపర్లు దిద్దుతూ ఎదురుగా కూర్చున్నాను. ఉన్నట్టుండి, ఆమె తల ఎత్తకుండానే అంది.

"ఆ రోజు నవ్వావే, అది."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నోటికొచ్చిన మాట ఒకటే.

"తప్పయిపోయింది అత్తయ్యా."

"తప్పా ఒప్పా అని నేనడగలా," అంది. ఇంకో కాయ తొడిమ తీసింది. "అది ఎవరి నవ్వో నాకు తెలవలా. ఎవరబ్బా ఇంత పెద్దగా నవ్వేది అని ఎనక్కి తిరిగి చూశా. చూస్తే నువ్వు."

నేను పెన్నుకు మూత పెట్టాను.

"నువ్వొచ్చిన కాడ్నుంచి ఒకే ఇంట్లో ఉంటన్నాం. నీ దగ్గు తెలుసు, నీ అడుగు తెలుసు. నీ నవ్వు ఎట్టా ఉంటదో తెలవలేదమ్మాయ్ నాకు. నాకు సిగ్గేసింది."

"మీకెందుకు అత్తయ్యా సిగ్గు?"

"వాడ్ని కన్నది నేనేగా," అంది.

ఆయన మంచివాడని చెప్పబోయాను. అద్దంకి గోడ నీడ గురించి చెప్పబోయాను. ఆమెకు తెలియని సంగతి అది, ఎప్పుడో చెప్పి ఉండాల్సింది. కానీ ఆ సమయంలో చెప్తే ఆమె మాటను కొట్టిపారేసినట్టవుతుందని ఊరుకున్నాను. ఆమె తొడిమలన్నీ చేటలోకి ఊడ్చి, లేస్తూ, రేపు నా పక్కన కూర్చో అంది. నవ్వొస్తే నవ్వు, కొంగు అడ్డం పెట్టుకోమాక అంది.

ఆదివారం ఆమెతో కలిసి వెళ్లాను. వదిన మా వెనక వరసలోకి మారింది, ఒక్క మాట కూడా దెప్పలేదు. నేను జీవితంలో మొదటిసారి ముందు వరసలో, అత్తయ్య పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఏమీ జరగలేదు. కోళ్లు లేవు. గేదె క్షేమంగా ఉందట, సాక్ష్యం రెండు ముక్కల్లో అయిపోయింది. పాట కూడా అందరికీ అందే శ్రుతిలోనే ఎత్తుకుంది వదిన. నాకు నవ్వు రాలేదు. అత్తయ్య మాత్రం కూడిక అయ్యేదాకా మధ్యమధ్యలో తల తిప్పి, కొత్తగా వచ్చిన కోడల్ని చూసినట్టు, నా మొహం వైపు చూస్తూనే ఉంది.